మారుతి 800 ఇంజన్‌ను ఇంటి దగ్గర మార్చుకోవడం: మొదటిసారి చేసేవారికి

మీరు రాసినదాని ప్రకారం, 2007 నాటి మీ నాన్నగారి మారుతి 800 ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటర్ అదుపులో ఇంజెక్టర్లు పెట్రోలు చల్లే రకం) కారు ఎండలో దూర ప్రయాణంలో వేడెక్కి ఆగిపోయింది. మెకానిక్ హెడ్డు విప్పి చూసి సిలిండర్లలో గీతలు పడ్డాయని, బోరింగ్ (సిలిండర్లను లోపల మళ్లీ చెక్కించడం) చేయించే ఖర్చుతో సెకండ్ హ్యాండ్ ఇంజన్ వస్తుందని చెప్పారు. గుంటూరులో మీ ఇంటి ఆవరణలోనే మీరూ మీ తమ్ముడూ కలిసి ఇంజన్ మార్చగలరా, మార్చేటప్పుడు మారుతి వారిదే పెద్ద కారు ఎస్టీమ్ ఇంజన్ వేస్తే ఎలా ఉంటుంది అని మీ ప్రశ్న. ఆటోనగర్‌లో చాలా ఏళ్లు షెడ్డు నడిపిన వాడిగా నా సమాధానం ఇది: మార్చగలరు, కానీ ఎస్టీమ్ ఇంజన్ ఆలోచన మానుకోండి. మొదటిసారి చేసేవారు ఏ ఇంజన్ ఉన్న చోట ఆ ఇంజనే వేయాలి.

ఎస్టీమ్‌లోని 1,298 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను 800లో కూర్చోబెట్టినవారు ఉన్నారు, ఆ బండ్లు వేగంగా పోతాయి కూడా. అయితే అందుకోసం మౌంటింగులు కోసి వెల్డింగ్ చేయాలి, గేర్ బాక్సు, ఆక్సిళ్లు (గేర్ బాక్సు నుంచి చక్రాలను తిప్పే కడ్డీలు), వైరింగు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), రేడియేటర్, సైలెన్సర్ అన్నీ మార్చాలి. సుమారు 650 కిలోల బండిని, దాదాపు 37 హార్స్ పవర్‌ను ఆపడానికి పెట్టిన బ్రేకులు అంతకు రెట్టింపు బలాన్ని ఆపవలసి వస్తుంది. వీటన్నిటి కంటే ముందు చట్టం అడ్డు వస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టం చేసింది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో ఇలాంటి మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ చేతులెత్తేయడానికి కూడా అది సాకు అవుతుంది. అదే రకం ఇంజన్ వేస్తే మారేది సి బుక్కు (రిజిస్ట్రేషన్ పత్రం)లోని ఇంజన్ నంబరు మాత్రమే. దాని సంగతి చివర చెబుతాను.

ఇంజన్ కొనడానికి ముందు, పాత ఇంజన్ ఎందుకు పోయిందో తేల్చండి. ఇది చాలామంది వదిలేసే పని, షెడ్లలో కూడా. ఇంజన్ ఒక్కటే మారి రేడియేటర్ అలాగే ఉంటే, కొత్తగా వేసిన ఇంజన్ కూడా వచ్చే వేసవిలో అదే దారి పడుతుంది. మన ప్రాంతంలో ఎక్కువ బండ్ల రేడియేటర్లలో ఏళ్ల తరబడి పోసేది బోరు నీళ్లే. ఆ ఉప్పు నీళ్ల వల్ల గొట్టాల లోపల తెల్లటి పొర పేరుకుంటుంది, నీళ్లు తిరిగే దారి సన్నబడుతుంది, హెడ్డులోని అల్యూమినియం తినుకుపోతుంది. మీ రేడియేటర్ పై మూత తీసి టార్చితో లోపలి గొట్టాల నోళ్లు చూడండి. అవి పూడి కనిపిస్తే కడిగించడంతో కాలం గడపకుండా కొత్తది వేయండి. ఫ్యానుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి తిరుగుతుందో లేదో చూడండి. తిరిగితే తప్పు స్విచ్చులోనో, రిలేలోనో, వైరింగులోనో వెతకాలి.

థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) కూడా ఉందో లేదో చూడండి, ఎందుకంటే బండి వేడెక్కుతోందనగానే దాన్ని పీకి అవతల పారేసే అలవాటు మన మెకానిక్కులలో చాలామందికి ఉంది. కార్బురేటర్ బండ్లలో ఆ పని చేసినా ఎలాగోలా నడిచేది. ఎంపీఎఫ్‌ఐలో థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ చాలాసేపు ఉండవలసిన వేడికి రాదు, సెన్సరు ఈసీయూకి ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని చెబుతూ ఉంటుంది, ఈసీయూ అదనంగా పెట్రోలు చల్లుతుంది, ఆ పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. కొత్త థర్మోస్టాట్, కొత్త రేడియేటర్ మూత, కొత్త హోస్ పైపులు, డిస్టిల్డ్ నీళ్లతో కలిపిన కూలెంట్: ఇవన్నీ ఇంజన్ ఖర్చులో భాగమని ముందే లెక్క వేసుకోండి.

ఇక ఇంజన్ ఎంపిక. మీకు విజయవాడ జవహర్ ఆటోనగర్ దగ్గరే కాబట్టి పాత బండ్ల సామాన్లు అమ్మే చెన్నై పుదుపేట దాకా పోవలసిన అవసరం లేదు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది కానీ తుక్కుకు పోయిన బండ్ల ఇంజన్లు ఇంకా దొరుకుతున్నాయి. మీ బండిలోనిది ఎఫ్8బి, మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు, 796 సీసీ. అంగడిలో మీకు తప్పక ఎదురయ్యే మాట ఒకటుంది: “ఆల్టోది కూడా 796 సీసీయే కదండీ, అదే వేసుకోండి, ఇంకా బాగా లాగుతుంది.” ఆ ఆల్టో ఇంజన్ ఎఫ్8డి, దానికి పన్నెండు వాల్వులు. సీసీ ఒకటే అయినా హెడ్డు, ఇన్‌టేక్ మానిఫోల్డు, ఈసీయూ వేరు. కార్బురేటర్ కాలపు ఎఫ్8బి కూడా మీకు పనికిరాదు. ఎంపీఎఫ్‌ఐ బండిలోంచి తీసిన ఎఫ్8బి ఇమ్మని అడగండి. మానిఫోల్డు, ఇంజెక్టర్లు, సెన్సర్లు దానికే ఉన్నది తీసుకోండి, అవి మీ దగ్గర ఉన్నా సరే, ఎందుకంటే విప్పేటప్పుడు ఏదో ఒక వైరు ప్లగ్గు కొక్కెం విరగక మానదు.

చూడవలసిన పద్ధతి చెబుతాను. ముందు ఆయిల్ పోసే మూత తీసి దాని అడుగు చూడండి. అక్కడ పాలమీగడ లాంటి జిగురు ఉంటే నీళ్లు ఆయిల్లో కలిశాయని అర్థం. నీళ్ల పైపు నోట్లో వేలు పెట్టి చూస్తే ఎర్రటి తుప్పు మడ్డి తగిలితే అది కూడా బోరు నీళ్లు తాగిన ఇంజనే. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఒకే రంగులో ఉండాలి, ఒకటి మాత్రం నల్లగా ఆయిల్ పట్టి ఉంటే ఆ సిలిండరు రింగులు పోయాయనో, వాల్వు సీళ్లు పోయాయనో అనుమానించాలి. టప్పెట్ కవరు (ఇంజన్ పై మూత) విప్పనిస్తే ఇంకా మంచిది. లోపల లేత తేనె రంగు ఉంటే ఆయిల్ సమయానికి మార్చిన బండి, నల్లటి మడ్డి గడ్డకట్టి ఉంటే వదిలేయండి. క్రాంకు పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పండి, ఎక్కడా పట్టేయకూడదు.

వీటన్నిటి కంటే విలువైనది కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండరు గాలిని ఎంత ఒత్తిడికి నొక్కగలదో కొలవడం. ఇంజన్ నేల మీద ఉన్నా, గేర్ బాక్సు, సెల్ఫ్ మోటారు బిగించి ఉంటే ఒక బ్యాటరీతో ఆ పరీక్ష చేయవచ్చు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, మూడు ప్లగ్గులూ తీసి, ఒక్కొక్క సిలిండరుకు గేజి పెట్టి సెల్ఫు కొట్టించాలి. అంకె ఎంత వచ్చిందన్న దానికంటే మూడింటి మధ్య తేడా ఎంతో ముఖ్యం. చల్లటి ఇంజన్‌లో అంకె కాస్త తక్కువ రావచ్చు, కానీ ఎక్కువ వచ్చినదానికీ తక్కువ వచ్చినదానికీ మధ్య పదో వంతు మించి తేడా ఉంటే ఆ ఇంజన్ వద్దు. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూసినప్పుడు అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులదో గ్యాస్కెట్‌దో. పరీక్షకు ఒప్పుకోని వ్యాపారి దగ్గర బేరం ఆడకండి.

కొనేటప్పుడే ఇంజన్ నంబరు చదవండి. అంకెలు గీకినట్టు, మళ్లీ గుద్దినట్టు కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోవద్దు. ఇంజన్ నంబరు రాసిన బిల్లు, అది వచ్చిన బండి సి బుక్కు నకలు లేదా ఆ బండిని తుక్కు చేసినట్టు పత్రం తీసుకోండి.

ఇంటి దగ్గర పనిలో ప్రాణాపాయం ఉన్నది ఎత్తడంలోనూ, బండి కింద దూరడంలోనూ. బండిని ఇటుకల మీద నిలబెట్టవద్దు. ఇటుక చెప్పకుండా చిట్లుతుంది. నేల గచ్చు గట్టిగా ఉన్న చోట జాకీ స్టాండ్లు వేసి, జాకీని కేవలం ఎత్తడానికే వాడండి. చాలా ఇళ్లలో వరండా శ్లాబుకు ఉయ్యాల బల్ల కోసం వేసిన కొక్కెం ఉంటుంది, దాన్ని చూడగానే చైన్ బ్లాకు తగిలించాలనిపిస్తుంది. ఆ కొక్కెం ఎంత లోతుకు దిగిందో, లోపల తుప్పు ఎంత పట్టిందో ఎవరూ చెప్పలేరు, కనుక ఇనుప గొట్టాల మూడు కాళ్ల స్టాండో, ఇంజన్ ఎత్తే హాయిస్టో అద్దెకు తెచ్చుకోండి. చిన్న ఇంజన్ కాబట్టి నలుగురు మనుషులు, ఒక గొట్టం, నైలాన్ తాడుతో షెడ్లలో లేపేస్తారు. వారికి ఏ క్షణాన ఎవరు ఏ పక్కకు జరగాలో తెలుసు, మీకింకా తెలియదు.

విప్పడానికి ముందు రోజే సైలెన్సర్ ముందు పైపు నట్లకు, మౌంటింగు బోల్టులకు డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి. పని మొదలుపెట్టే ముందు పెట్రోలు లైనులోని ఒత్తిడి తగ్గించాలి. ఇంజన్ ఇంకా తిరుగుతుంటే పంపు ఫ్యూజు తీసి, అది తనంతట తాను ఆగేదాకా నడపండి. తిరగకపోతే ట్యాంకు మూత తెరిచి, పైపు జాయింటు చుట్టూ మందపాటి గుడ్డ చుట్టి నెమ్మదిగా వదులు చేయండి. ఆ పూట ఇంటి చుట్టుపక్కల పొయ్యి, దీపం, సిగరెట్టు ఉండకూడదు. తరువాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కూలెంట్‌ను తొట్టిలోకే పట్టండి, ఆవరణలో పారబోయకండి. రుచి తియ్యగా ఉండడం వల్ల కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

బానెట్, రేడియేటర్ తీసేస్తే చేతికి చోటు దొరుకుతుంది. ఏసీ ఉన్న బండి అయితే గ్యాసు పైపులు విప్పకండి. కంప్రెషర్‌ను బ్రాకెట్ నుంచి విడదీసి పైపులతో సహా పక్కకు జరిపి తాడుతో కట్టేయండి. ఇక వైర్ల సంగతి. ప్రతి ప్లగ్గు తీసే ముందు ఫొటో తీయండి, తీశాక రెండు ముక్కలకూ ఒకే అంకె రాసిన మాస్కింగ్ టేపు చుట్టండి. ఒక్క ముక్కకే టేపు చుట్టే తొందర చాలామందిలో చూశాను, రెండు వారాల తరువాత ఆ టేపు ఏమీ చెప్పదు. బోల్టులను వచ్చిన చోటికే వేళ్లతో నాలుగు చుట్లు తిప్పి ఉంచితే డబ్బాలో వెతికే పని తప్పుతుంది. పొడవు తేడా ఉన్న బోల్టులకు ఇది మరీ అవసరం, పొడవాటిది పొట్టి రంధ్రంలో బిగిస్తే అల్యూమినియం కేసింగు పగులుతుంది.

ఆక్సిళ్లు లాగే ముందు గేర్ ఆయిల్ దించేయండి. లోపలి జాయింటును గేర్ బాక్సు నుంచి తీసేటప్పుడు పొడవాటి లివరుతో ఒకే కుదుపు ఇస్తే ఊడుతుంది. బయటి కొస పట్టుకుని లాగితే బూటు చిరిగి జాయింటు లోపలే విడిపోతుంది. గేరు రాడ్డు, క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, స్పీడోమీటర్ కేబులు, హీటరు పైపులు తీశాక, ఇంజన్ బరువు చైను మీదికి వచ్చాక మాత్రమే మౌంటింగు బోల్టులు లాగండి. చైనును ఇంజన్‌కు కంపెనీ బిగించిన కొక్కేలకే తగిలించాలి. అర అడుగు లేపి ఆపి చుట్టూ చూడండి. మిగిలిపోయిన వైరో పైపో ఒకటి తప్పక కనిపిస్తుంది. గేర్ బాక్సుతో కలిపి, గేర్ బాక్సు వైపు కిందికి వాలేట్టుగా లేపడం మీకు సులువు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్‌ను తెచ్చినది తెచ్చినట్టు బిగించకండి. అది నేల మీద ఉండగా గంటలో అయ్యే పనికి, బండిలో ఉంటే రోజు పడుతుంది. టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు, క్రాంకు ముందు వెనుక ఆయిల్ సీళ్లు, టప్పెట్ కవరు ప్యాకింగు కొత్తవి వేయండి. ఇంజన్ మౌంటింగు రబ్బర్లు, ఆక్సిళ్లు దిగే గేర్ బాక్సు సీళ్లు కూడా మార్చండి. టైమింగ్ బెల్టు వేశాక క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పుల్లీల గుర్తులు మళ్లీ సరిగ్గా ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడకుండా కవరు మూయవద్దు.

క్లచ్ దగ్గర కొంచెం నిదానించండి, మొదటిసారి చేసేవారు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. ఫ్లైవీల్ (క్రాంకు చివర క్లచ్ ఆనుకునే బరువైన చక్రం) ముఖం మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉంటే ఫేసింగ్ చేయించాలి, అంటే ఆ ముఖాన్ని చదునుగా చెక్కించాలి. క్లచ్ ప్లేటులో స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న ముఖం ప్రెషర్ ప్లేటు వైపుకు రావాలి. తిరగేసి బిగిస్తే క్లచ్ వదలదు, మళ్లీ అంతా విప్పాలి. ప్లేటును మధ్యకు తేవడానికి సెంటరింగ్ పరికరం అడ్డం పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచితో బిగించండి. తరువాత గేర్ బాక్సును నేల మీదే ఇంజన్‌కు జత చేయండి. షాఫ్టు పళ్లు ప్లేటు పళ్లలో పడకపోతే గేర్ బాక్సు ఒక వేలు మందం దూరంలో ఆగిపోతుంది. అప్పుడు క్రాంకు పుల్లీని అర అంగుళం అటూ ఇటూ తిప్పుతూ గేర్ బాక్సును నేరుగా నెట్టండి, పళ్లు కుదిరిన క్షణాన అది దానంతట అదే లోపలికి జారి గైడ్ పిన్నుల మీద కూర్చుంటుంది. ఆ మిగిలిన సందును బోల్టులు బిగించి మూయాలని చూస్తే ప్లేటు వంగుతుంది, లేదా కేసింగు చెవి విరుగుతుంది. గేర్ బాక్సు బరువును క్షణం కూడా షాఫ్టు మీద వేలాడనివ్వకండి.

బండిలోకి దించేటప్పుడు మౌంటింగు బోల్టులు అన్నీ వదులుగా ఎక్కించి, ఇంజన్ సహజంగా కుదురుకున్నాక చివర బిగించాలి. లేకపోతే ఐడిల్‌లో స్టీరింగు అదురుతుంది. మిగతాదంతా విప్పిన క్రమానికి తిరగేసిన క్రమమే కాబట్టి దాన్ని వివరించను. ఒక్క ఎర్త్ వైరు గురించి మాత్రం చెప్పాలి. ఇంజన్ నుంచి బాడీకి పోయే లావు ఎర్త్ పట్టీ, మానిఫోల్డు దగ్గర బోల్టు కింద నొక్కి ఉండే సన్నటి ఎర్త్ వైర్లు, ఈ రెండింటినీ తుప్పు గీకి శుభ్రం చేసిన లోహం మీద బిగించండి. లావు పట్టీ మరిచిపోతే సెల్ఫు కొట్టినప్పుడు అంత కరెంటూ క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు గుండా దారి వెతుక్కుంటుంది. కేబులు వేడెక్కి పొగ వస్తుంది, సెల్ఫు నీరసంగా తిరుగుతుంది, మీరు బ్యాటరీని తిడతారు. సన్నటి వైర్లు మరిచిపోతే సెన్సర్లు ఒక్కొక్కటీ ఒక్కో తప్పుడు సంగతి చెబుతాయి.

మొదటి స్టార్టుకు తొందరపడవద్దు. ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్ పోశాక స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్ వైరు ప్లగ్గులు ఊడదీసి, మీటరులో ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫును కొద్దికొద్దిసేపు తిప్పండి. లైటు ఆరిన తరువాతే అన్నీ కలిపి స్టార్ట్ చేయండి. స్టార్ట్ కాగానే తమ్ముణ్ని ఇంజన్ కింది భాగం చూడమనండి, బండి స్టాండ్ల మీద ఉంటే కిందికి దూరకుండా టార్చితో పక్క నుంచే చూడమనండి. హీటరు ఉంటే వేడి వైపు తిప్పి ఉంచితే గాలి బుడగలు త్వరగా పోతాయి. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చి, ఫ్యాను తనంతట తాను తిరిగి, మళ్లీ ఆగేదాకా దగ్గరే ఉండండి. ఫ్యాను తిరగకుండా ముల్లు పైకి పోతుంటే వెంటనే ఆపేయాలి. చెక్ ఇంజన్ లైటు ఆరకపోతే ముందు వైరు ప్లగ్గుల అంకెలు సరిచూసుకోండి, ఎన్నిసార్లు జవాబు అక్కడే దొరుకుతుందో అంకె చెప్పలేను గానీ, నేను మాత్రం మొదట అక్కడే చూస్తాను. మరుసటి ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మళ్లీ నింపండి. మొదటి వారం ఊరు దాటి పోకండి. మొదటి ఆయిల్‌ను, ఫిల్టర్‌ను 500 కిలోమీటర్లకే మార్చేస్తే ఎన్నాళ్లో షెడ్డులో పడి ఉన్న ఇంజన్‌లోని మడ్డి బయటికి పోతుంది.

షెడ్డులో ఇద్దరు ఒక రోజులో చేసే ఈ పనికి మీరు రెండు వారాంతాలు కేటాయించుకోండి. మధ్యలో ఏదో ఒక సీలో, బుష్షో దొరక్క ఆగిపోవడం మామూలే, ఆ బండి మీదే ఉద్యోగానికి పోవలసిన పరిస్థితి ఉంటే ముందే వేరే ఏర్పాటు చూసుకోండి.

ఇక సి బుక్కు. ఇంజన్ కొనే ముందే మీ రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి, అదే రకం ఇంజన్ మార్చడానికి అనుమతి, కావలసిన పత్రాలు ఏమిటో అడగండి. మార్చాక 14 రోజుల లోపు తెలియజేయాలని 52వ సెక్షనే చెబుతోంది. 2007 బండి కాబట్టి 15 ఏళ్ల గడువు 2022లోనే తీరి, మీరు ఐదేళ్లకు పునరుద్ధరణ చేయించి ఉంటారు. మళ్లీ పునరుద్ధరణకు వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరును, ఇంజన్ నంబరును సి బుక్కుతో సరిచూస్తారు, అప్పుడు అంకెలు కలవకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. సి బుక్కులో కొత్త నంబరు ఎక్కిన వెంటనే బీమా పాలసీలో కూడా మార్పించండి. అదంతా పూర్తయ్యేదాకా పాత ఇంజన్‌ను పాత ఇనుముకు వేయకండి, తనిఖీలో దాన్ని చూపించమనవచ్చు. తరువాత అమ్మినప్పుడు కూడా దాని నంబరు రాసిన రసీదు తీసుకుని, కొత్త ఇంజన్ బిల్లుతో కలిపి సి బుక్కు కవరులోనే పెట్టుకోండి.